డ్రెస్డెన్ పాతపట్టణంలో రెండున్నర గంటల నడక: ఒక గైడు పర్యటనపై సమీక్ష

జర్మనీ తూర్పు భాగంలో, ఎల్బ నదికి రెండు ఒడ్డుల మీదా విస్తరించిన డ్రెస్డెన్, సాక్సొనీ రాష్ట్రానికి రాజధాని. మా అమ్మాయి అక్కడి కంప్యూటరు చిప్పుల కర్మాగారంలో ఇంజినీరుగా చేరాక, నెలన్నర రోజులు ఆమె దగ్గర ఉండి వచ్చాను. ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పినదాన్ని కాబట్టి ఊరిని నా అంతట నేనే చదువుకోగలననుకున్నాను. కానీ మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమైంది. ఈ ఊళ్లో కంటికి మూడు వందల ఏళ్లనాటిదిగా కనిపించే భవనం ఇరవై ఏళ్లనాటిది కావచ్చు, దాని గోడలోనే ఉన్న ఒక రాయి నిజంగా మూడు వందల ఏళ్లనాటిదీ కావచ్చు. చెప్పేవాళ్లు లేకుండా చూస్తే డ్రెస్డెన్ అందంగా ఉంటుంది గాని అర్థం కాదు. అందుకే ఒక చిన్న సంస్థ ఉదయం పూట ఇంగ్లీషులో నడిపే పాతపట్టణపు కాలినడక పర్యటనకు ఇద్దరం టికెట్లు కొనుక్కున్నాం. ఇలాంటి నడకలు అక్కడ చాలామంది నిర్వహిస్తారు కనుక సంస్థ పేరు రాయడం లేదు. ఏ నడకనైనా ఎలా తూచాలో తెలియడానికి ఈ సమీక్ష పనికొస్తే చాలు.

నడక సెంపర్ ఒపెరా అనే సంగీత నాటకశాల ఎదుటి చౌకులో మొదలైంది. మా గైడు యాభై ఏళ్లు దాటిన స్థానికురాలు. పుట్టి పెరిగిందంతా ఈ ఊళ్లోనే, అదీ తూర్పు జర్మనీ ప్రభుత్వ కాలంలో. ఆమె రాజులతో గాక ఊరి పేరుతో మొదలుపెట్టడం నాకు నచ్చింది. డ్రెస్డెన్ అన్నది జర్మన్ మాట కాదు. నది పక్క అడవుల్లో బతికినవాళ్లు అనే అర్థం వచ్చే స్లావు మాట నుంచి పుట్టింది. లిఖితపూర్వకంగా ఆ పేరు మొదట కనబడేది 1206 నాటి పత్రంలో. 1485లో వెట్టిన్ రాజవంశం అన్నదమ్ముల పంపకాల్లో రెండు శాఖలుగా చీలిపోయినప్పుడు ఒక శాఖ ఇక్కడ స్థిరపడింది. ఊరి దశ తిరిగింది అప్పటినుంచే. బలశాలి ఆగస్టస్‌గా పేరుపడ్డ ఒకటవ ఫ్రెడరిక్ ఆగస్టస్ 1694లో సాక్సొనీ పాలకుడై, 1697లో పోలండుకు కూడా రాజయ్యాడు. ఆ కిరీటం కోసం అతను కాథలిక్ మతంలోకి మారాడు. ఎదురుగా ఉన్న ప్రజలేమో లూథరు చూపిన ప్రొటెస్టంటు మార్గాన్ని అంటిపెట్టుకున్నవాళ్లు. ఈ ఒక్క విషయం తెలియకపోతే పాతపట్టణపు ఆకాశరేఖ మొత్తం అర్థం కాకుండా పోతుంది.

ఎందుకంటే నది వైపు నుంచి చూసినప్పుడు రెండు పెద్ద చర్చీలు కొద్ది దూరంలో ఒకదానికొకటి పోటీగా నిలబడి కనిపిస్తాయి. ఒకటి ఆగస్టస్ కొడుకు హయాంలో, ఇటలీ వాస్తుశిల్పి గెటానో కియావెరి గీసిన నమూనాతో 1739లో మొదలైన రాజుగారి కాథలిక్ చర్చి. రెండోది అంతకు ముందే, 1726 నుంచి 1743 దాకా ఊరి పౌరులు తమ ప్రొటెస్టంటు ఆరాధన కోసం కట్టించుకున్న ఫ్రావెన్‌కిర్షె. దాన్ని రూపొందించిన గ్యోర్గ్ బేర్ నగర మండలి దగ్గర వడ్రంగుల మేస్త్రీ. అతని రాతి గుమ్మటం మీద ఊరి నమ్మకం ఎంత గట్టిదంటే, 1760లో ప్రష్యా సైన్యం ఫిరంగులు పేల్చినప్పుడు గుళ్లు దానికి తగిలి పక్కకు జారిపోయాయని ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటారు. మా గైడు ఈ రెండు చర్చీల కథను త్వింగర్ ప్రాసాదం అంతఃప్రాంగణంలో నిలబెట్టి చెప్పింది. ప్యోపెల్‌మాన్ కట్టడం, పెర్మోజర్ శిల్పాలు కలిసిన ఆ ప్రాంగణాన్ని వర్ణించడానికి ఆమె ఎక్కువ సమయం తీసుకోలేదు. అది సరైన పనే. త్వింగర్‌ను ఎవరైనా తమంతట తాము చూసి ఆనందించవచ్చు.

సెంపర్ ఒపెరా గురించి చెప్పినప్పుడు మాత్రం ఆమె స్వరం మారింది. గాట్‌ఫ్రీడ్ సెంపర్ కట్టిన మొదటి భవనం 1841లో తెరుచుకొని 1869లో కాలిపోయింది. రెండోది 1878లో తయారైంది. 1945లో అదీ పోయింది. ఇప్పుడు మనం చూస్తున్న మూడోదాన్ని 1985 ఫిబ్రవరి 13న తెరిచారు. ఆ తేదీని కావాలనే ఎంచుకున్నారు, అది రెండో ప్రపంచ యుద్ధంలో ఊరిని కాల్చేసిన బాంబుదాడికి సరిగ్గా నలభై ఏళ్లు నిండిన రోజు. ఈ ఊళ్లో ఫిబ్రవరి 13 అంటే వేరే వివరణ అక్కర్లేదని ఆమె ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు నడిచింది.

దారిలో వచ్చే రాజుల ఊరేగింపు గోడ దగ్గర ఐదు నిమిషాలే ఆగాం. వెట్టిన్ వంశపు పాలకులు గుర్రాల మీద వరుసగా సాగిపోతున్నట్టున్న ఈ చిత్రం సుమారు వంద మీటర్ల పొడవు. మొదట గోడ మీద వేసిన బొమ్మ ఎండకూ వానకూ చెడిపోతుంటే, 1904–1907 మధ్య సుమారు 23,000 మైసెన్ పింగాణీ పలకల మీదికి దాన్ని ఎక్కించారు. చుట్టూ ఉన్నదంతా బూడిదైన రాత్రి కూడా ఈ పలకలు చాలావరకు నిలిచాయి. కొలిమి వేడిలో పుట్టిన పింగాణీ మంటను ఓర్చుకోగలిగింది. నాకు బొమ్మ కన్నా ఆ సంగతే బాగా గుర్తుండిపోయింది.

అక్కడి నుంచి నోయ్‌మార్క్ట్ చౌకులోకి అడుగుపెట్టాం. నడకలో ముప్పావు గంట ఇక్కడే గడిచింది, ఇచ్చిన డబ్బుకు పూర్తి విలువ దక్కిందీ ఇక్కడే. ఫ్రావెన్‌కిర్షె గోడలు లేత గోధుమ రంగులో ఉంటాయి. మధ్యమధ్య నల్లని రాళ్లు చుక్కల్లా పొదిగి ఉంటాయి. ఒక పక్కనైతే గోడ భాగం మొత్తం నల్లగానే నిలబడి ఉంది. మా బృందంలో ఒకాయన అది మంటల మసి కదా అని అడిగాడు. నేనూ అలాగే అనుకున్నాను. గైడు ఓపికగా సరిదిద్దింది. అది ఎల్బ లోయలో ఎగువన దొరికే ఇసుకరాయి. పడవల మీద నదిలో దిగువకు తెచ్చి, ఈ ఊరి గొప్ప భవనాలన్నీ దానితోనే కట్టారు. ఆ రాయిలో ఇనుము పాలు ఉంటుంది. గాలికీ వానకూ దశాబ్దాల తరబడి తగులుతూ ఉంటే దానంతట అదే నల్లబడుతుంది. కనుక నల్లరాయి అంటే బాంబుల ముందునాటి రాయి, తెల్లరాయి అంటే 1994లో చర్చిని మళ్లీ కట్టడం మొదలుపెట్టాక చెక్కిన రాయి. తెల్లరాళ్లు కూడా నల్లబడ్డాక చూసేవాళ్లకు తేడా తెలియదు. ఇప్పటి తరాలకు మాత్రమే ఆ గోడ చదవడానికి వీలుగా ఉంది.

1945 ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ విమానాలు రెండు విడతలుగా, మర్నాడూ ఆ తరువాతి రోజూ అమెరికా విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. విడివిడి మంటలు కలిసిపోయి అగ్నితుపానుగా మారాయి. చర్చి ఆ రాత్రి కూలలేదు. లోపలి స్తంభాలు వేడికి బలహీనపడి, 15వ తేదీ ఉదయం పది గంటల ప్రాంతంలో గుమ్మటం బరువును మోయలేక కుప్పకూలింది. చనిపోయినవాళ్ల సంఖ్య గురించి గైడు మాట్లాడిన తీరుకు నేను ఆమెకు మనసారా నమస్కరించాను. నాజీ ప్రచారశాఖ రెండు లక్షలని ఊదరగొట్టిన సంగతిని, ఆ అంకెను ఇప్పటికీ కొందరు రాజకీయం కోసం వల్లె వేస్తుండడాన్ని, నగరపాలక సంస్థ నియమించిన చరిత్రకారుల సంఘం ఏళ్ల తరబడి పత్రాలు వెతికి 2010లో గరిష్ఠంగా 25,000 అని తేల్చిన సంగతిని, ఏదీ దాచకుండా చెప్పింది. పాతికవేల ప్రాణాలు తక్కువ కావు కాబట్టి అబద్ధం కలపాల్సిన అవసరం లేదని ఆమె అన్న మాట, చరిత్ర చెప్పే ప్రతివాళ్లూ గోడకు రాసి పెట్టుకోదగ్గది.

ఆ తరువాత నలభై ఏళ్లకు పైగా అక్కడ ఒక రాళ్లగుట్ట, మధ్యలో రెండు గోడ ముక్కలు మాత్రమే ఉన్నాయి. తూర్పు జర్మనీ ప్రభుత్వం దాన్ని యుద్ధ స్మారకంగా అలాగే వదిలేసింది. 1982 ఫిబ్రవరి 13న కొందరు యువకులు కొవ్వొత్తులు పట్టుకొని ఆ గుట్ట దగ్గర మౌనంగా చేరారు. అనుమతి లేకుండా నలుగురు గుమికూడడమే నేరమైన కాలమది. బెర్లిన్ గోడ పడిన మర్నెలలో, 1989 డిసెంబరు 19న, పశ్చిమ జర్మనీ చాన్సలర్ హెల్ముట్ కోల్ ప్రసంగించింది ఈ శిథిలాల ముందే. చర్చిని మళ్లీ కడదామని ఊరి పౌరులు 1990లో ప్రపంచానికి ఒక పిలుపు ఇచ్చారు. కంప్యూటర్ సాయంతో గుట్టలోని రాళ్లను ఒక్కొక్కటిగా కొలిచి, వేలాది రాళ్లను వాటి అసలు చోటు పోల్చుకొని తిరిగి పేర్చారు. ఖర్చు దాదాపు 18 కోట్ల యూరోలు. అందులో సగానికి పైగా విరాళాలే. 2005 అక్టోబరు 30న ప్రార్థనలు మళ్లీ మొదలయ్యాయి. గుమ్మటం కొస మీది బంగారు శిలువను లండన్‌లో తయారుచేయించి బ్రిటిష్ ప్రజలు కానుకగా ఇచ్చారు. దాన్ని చేసిన స్వర్ణకారుడు అలన్ స్మిత్ తండ్రి, ఆ రాత్రి డ్రెస్డెన్ మీద బాంబులు వేసిన విమాన సిబ్బందిలో ఒకడు. శిథిలాల్లో దొరికిన వంకరపోయిన పాత శిలువ ఇప్పుడు చర్చి లోపలే ఉంది. ముందు దాన్ని చూసి, ఆ తరువాత బయటికొచ్చి తలెత్తి కొత్తదాన్ని చూడండి. మమ్మల్ని గైడు ఆ క్రమంలోనే నడిపింది.

చౌకు చుట్టూ ఉన్న రంగురంగుల ఇళ్ల విషయంలో మాత్రం ఆమెతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోయాను. చాలావాటికి ముందు గోడ పద్దెనిమిదో శతాబ్దపు నమూనాలో ఉంటుంది, వెనక ఉన్నది కాంక్రీటు హోటలు. పాత రూపం తిరిగి వచ్చిందన్న సంతోషం ఆమె మాటల్లో ఉంది. పోగొట్టుకున్నవాళ్ల సంతోషాన్ని కాదనే హక్కు నాకు లేదు. అయినా చర్చి గోడలో నల్లరాయీ తెల్లరాయీ చెబుతున్న నిజం, ఈ ఇళ్ల ముందు గోడలు చెప్పడం లేదు. వాటి పక్కనే 1969లో కట్టిన కుల్టూర్‌పలాస్ట్ భవనం, గోడ మీద ఎర్రజెండా చిత్రంతో సహా, తన కాలాన్ని దాచుకోకుండా నిలబడి ఉంది. చూడ్డానికి ముచ్చటగా లేకపోయినా నాకు దాని మీదే గౌరవం కలిగింది.

లోపాల సంగతికి వస్తే, మొదటిది బృందం పరిమాణం. ఇరవై ఆరు మందికి ఒకే గైడు, చెవికి పెట్టుకునే పరికరాలు లేవు. ట్రాము వచ్చినప్పుడల్లా వెనక ఉన్నవాళ్లకు మాట వినబడలేదు. రెండున్నర గంటల్లో కూర్చోవడానికి ఒక్కచోట కూడా ఆపలేదు. నా వయసు వాళ్లకు, అందునా కంకర పరిచిన వీధుల్లో, అది కష్టం. టికెట్టు కొనేటప్పుడే ఈ విషయం చెప్పి ఉండాల్సింది.

రెండో లోపం చిన్నది కాదు. ఒపెరా కట్టిన ఆ సెంపరే ఇదే ఊళ్లో 1840లో యూదులకు ఒక ప్రార్థనాలయం కట్టాడు. 1938 నవంబరు 9 రాత్రి నాజీలు దాన్ని తగలబెట్టారు. శిఖరం మీది దావీదు నక్షత్రాన్ని ఒక అగ్నిమాపక ఉద్యోగి దాచి కాపాడాడు. 2001లో అదే చోట తెరిచిన కొత్త ప్రార్థనాలయం గుమ్మం మీద ఆ నక్షత్రం ఇప్పుడు ఉంది. ఇదంతా నేను అడిగితేనే గైడు చెప్పింది. ఆమెకు తెలియక కాదు, అడగ్గానే ఆగకుండా వివరంగా చెప్పింది. సంస్థ ఇచ్చిన దారిపటంలోనే ఆ చోటు లేదు. 1945లో కాలిన ఊరి గురించి ముప్పావు గంట చెప్పి, 1938లో కాలిన ఆలయం గురించి అడిగితే తప్ప చెప్పని నడకను చరిత్ర నడక అని పూర్తి మనసుతో అనలేను.

చివరి మజిలీ నది ఒడ్డున ఎత్తుగా ఉన్న బ్రూల్ మిద్దెదారి. ఈ ఊరివాళ్ల స్వభావం గురించి మంచి మాటలు అక్కడే విన్నాను. 2004లో ఎల్బ లోయను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాదే పౌరులు ఓటు వేసి, అదే లోయ మీదుగా నాలుగు వరుసల వంతెన కావాలని తేల్చారు. హెచ్చరికలు వచ్చినా ఆగలేదు. 2009లో యునెస్కో ఆ పేరును జాబితా నుంచి తీసేసింది. 2013లో వంతెన మీద బండ్లు నడిచాయి. పాత అందాన్ని రాయి రాయి ఏరి నిలబెట్టుకున్నవాళ్లే ప్రపంచం ఇచ్చిన బిరుదును వంతెన కోసం వదులుకున్నారు. మా గైడు ఓటు వంతెనకు వ్యతిరేకమట. ఇప్పుడు రోజూ ఆ వంతెన మీదుగానే ఇంటికి వెళుతుందట. 2002 ఆగస్టులో ఎల్బ 9.40 మీటర్ల మట్టానికి పొంగినప్పుడు త్వింగర్ నేలమాళిగల్లోని చిత్రాలను రాత్రికి రాత్రి పై అంతస్తులకు మోసిన కథ, 2024 సెప్టెంబరు 11 తెల్లవారుజామున కరోలా వంతెనలో ఒక భాగం ఎవరి ప్రాణమూ తీయకుండా నదిలో కూలిన కథ కూడా అక్కడే విన్నాం. వినడం అయ్యాక చప్పట్లు కొట్టి బృందం విడిపోయింది.

మేమిద్దరం మధ్యాహ్నం రాజప్రాసాదంలోని మ్యూజియానికి వెళ్లాం. ఇది నడకలో భాగం కాదు. అయినా నడక విన్నాక చూస్తే లోపలి వస్తువులు వేరుగా కనిపిస్తాయి కాబట్టి ఇక్కడ చెప్పక తప్పదు. పచ్చరంగు పూసిన గదుల పేరుతో గ్రీన్ వాల్ట్ అనే ఖజానాను ఆగస్టస్ 1720ల్లో అతిథులు చూసేలా తీర్చిదిద్దాడు. ఇప్పుడు అది రెండు భాగాలు. కింది అంతస్తులోని చారిత్రక ఖజానాకు సమయం వేసిన ప్రత్యేక టికెట్టు కావాలి. పై అంతస్తులోని కొత్త ఖజానాను ప్రాసాదపు మామూలు టికెట్టుతోనే చూడవచ్చు. తెలుగువాళ్లు తప్పనిసరిగా చూడవలసింది పై అంతస్తే.

అక్కడ ఒక పెద్ద గాజుపెట్టెలో ఔరంగజేబు దర్బారు కొలువై ఉంది. యోహాన్ మెల్కియోర్ డింగ్లింగర్ అనే ఆస్థాన స్వర్ణకారుడు, తన సోదరులతో కలిసి 1701 నుంచి 1708 దాకా చేసిన పని ఇది. చక్రవర్తి పుట్టినరోజుకు కానుకలు తెస్తున్న నూటికి పైగా బంగారు బొమ్మలు, ఏనుగులు, ఒంటెలు, గొడుగులు, వాటి నిండా వేల రత్నాలు. డింగ్లింగర్ భారతదేశం ముఖం కూడా చూడలేదు. టావెర్నియే లాంటి యాత్రికుల రాతలే అతనికి ఆధారం. బొమ్మల్లో కొన్ని చైనా వాళ్లలా ఉండడం అందుకే. 1687లో గోల్కొండను పడగొట్టిన చక్రవర్తి మీద ఎంతో దూరాన ఒక జర్మన్ పాలకుడు పెట్టుకున్న ఆ మోజును చూస్తూ నేను చాలాసేపు నిలబడిపోయాను. ఆ పని పూర్తయ్యేనాటికి అసలు ఔరంగజేబు చనిపోయి ఏడాది కావస్తోంది.

అదే అంతస్తులో డ్రెస్డెన్ గ్రీన్ ఉంది. 41 క్యారెట్ల పచ్చ వజ్రం. భూగర్భంలో సహజ కిరణధార్మికత తగలడం వల్ల ఆ రంగు వచ్చింది. ఆగస్టస్ కొడుకు 1742 ప్రాంతంలో లైప్‌జిగ్ సంతలో దాన్ని కొన్నాడు. తరువాత రెండు పెద్ద తెల్ల వజ్రాలు, వందలాది చిన్న వజ్రాల నడుమ టోపీకి పెట్టుకునే ఆభరణంగా పొదిగారు. అది మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనుల నుంచి వచ్చిందని సాధారణంగా భావిస్తారు. టావెర్నియే వెళ్లినప్పుడు అరవై వేల మంది పనిచేస్తుండగా చూశానని రాసిన గని అదే. నాది పల్నాడు. పులిచింతల జలాశయం నీళ్లు ఇప్పుడు ఆ కొల్లూరును కప్పేశాయి. మా నాన్నగారి వేలు పట్టుకొని చిన్నప్పుడు ఒకసారి ఆ గుంతలు చూశాను. 2019 నవంబరు 25న కింది ఖజానాలో పెద్ద దొంగతనం జరిగిన రోజున ఈ వజ్రం న్యూయార్క్ ప్రదర్శనలో ఉంది. ఎత్తుకుపోయిన నగల్లో చాలావరకు 2022 డిసెంబరులో దొరికాయి, కొన్ని ఇంకా దొరకలేదు. గాజుకు ఇవతల నిలబడి, “అమ్మా, ఇది మన ఊరిదేనా?” అని మా అమ్మాయి అడిగింది. అవునని గట్టిగా చెప్పే పత్రం లేదని, కానీ అలాంటి రాయి పుట్టగల నేల మనదేనని చెప్పాను.

వెళ్లదలచినవాళ్లకు నాలుగు మాటలు. బెర్లిన్ నుంచి రైల్లో సుమారు రెండు గంటల ప్రయాణం. ప్రాసాదపు మ్యూజియానికి మంగళవారం, త్వింగర్ చిత్రశాలకు సోమవారం సెలవు. చారిత్రక ఖజానా టికెట్టును కొన్ని రోజుల ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. అక్కడ సంచులు బయట పెట్టాలి, ఫోటోలు తీయనివ్వరు. చర్చిలోకి ఉచితంగానే వెళ్లవచ్చు. గుమ్మటం పైకి మాత్రం వేరే టికెట్టు, లిఫ్టు కొంతవరకే ఉంటుంది, తక్కిన దారి కాళ్లతోనే ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నా నేను ఎక్కాను, ఆగి ఆగి ఎక్కితే చాలు.

గైడుకు ఐదుకు ఐదు ఇస్తాను. సంస్థకు మూడే. వాళ్లు పంపిన అభిప్రాయ పత్రంలో మూడు సంగతులు రాశాను: బృందాన్ని పదిహేను మందికి తగ్గించండి, సగం దారిలో పది నిమిషాలు కూర్చోనివ్వండి, బ్రూల్ మిద్దెదారి తూర్పు కొస నుంచి మరి నాలుగడుగులు వేసి ప్రార్థనాలయం గుమ్మం దాకా నడిపించండి. వారం తరువాత జవాబు వచ్చింది. మొదటి రెండింటినీ పరిశీలిస్తామన్నారు, మూడోదాన్ని వచ్చే వేసవి నుంచి దారిలో చేరుస్తున్నామన్నారు.